ఒకే ఇంట్లో ఉంచాలా, ఉత్తరాలు రాసుకోమనాలా?

మొగల్తూరు దగ్గర మా బావగారికి ఆరు రొయ్యల చెరువులు ఉన్నాయి. నేను భీమవరంలో కూర్చుని ప్రోగ్రాములు రాసుకునే మనిషిని. ఆ చెరువుల నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను రాత్రింబవళ్లు కొలిచి, తగ్గినప్పుడు హెచ్చరించే ఏర్పాటు ఒకటి చేసిపెడతానని రెండేళ్ల క్రితం ఆయనకు మాట ఇచ్చాను. ఆ పనికి నాకు నాలుగు ప్రోగ్రామింగ్ భాషలు అవసరమయ్యాయి. సెన్సర్‌ను చదివే భాగం సి భాషలో ఉంది. వ్యవహారమంతా నడిపించే భాగం పైథాన్‌లో రాశాను. నీటి వేడినీ ఉప్పదనాన్నీ బట్టి అందులో ఆక్సిజన్ ఎంతవరకు కరగగలదో లెక్కకట్టే భాగం ఒక ఇంజనీరు గారి దగ్గర దొరికిన పాత ఫోర్ట్రాన్ ఫైలు. ఫోనులో కనిపించే తెర జావాస్క్రిప్ట్‌లో ఉంది. ఈ నాలుగింటినీ ఎలా కలపాలన్న ప్రశ్నకు నేను మొదట చెప్పుకున్న జవాబు తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఆ తరువాత హద్దులను ఎక్కడ గీసుకున్నానో వివరంగా రాస్తే, ఇలాంటి పని తలపెట్టే మరొకరికి కొన్ని రాత్రుల నిద్రయినా మిగులుతుందని అనిపించింది.

భాషలను కలపడానికి పేర్లు ఎన్ని ఉన్నా దారులు రెండే. మొదటిది ఇంటర్‌ఫేస్ దారి. ఒక భాషలో ఉన్న ఫంక్షన్‌ను మరో భాష నేరుగా పిలుస్తుంది. రెండూ ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాములో, ఒకే మెమరీలో ఉంటాయి. పైథాన్‌లో సీటైప్స్, జావాలో జేఎన్ఐ వంటివన్నీ ఈ కోవకు చెందినవే, అవన్నీ చివరికి సి భాష పిలుపు పద్ధతి మీదనే ఆధారపడతాయి. రెండోది ప్రొటోకాల్ దారి. రెండు ప్రోగ్రాములు వేరు వేరు ప్రాసెస్‌లుగా, ఒక్కోసారి వేరు వేరు యంత్రాలలో ఉండి, ముందుగా ఒప్పుకున్న రూపంలో సందేశాలు పంపుకుంటాయి. ఎదుటివాడు ఏ భాషలో రాసినవాడో ఇవతలివాడికి తెలియవలసిన పని లేదు.

మన వైపు ఇళ్లలో ఉమ్మడి కాపురానికీ వేరు కాపురానికీ ఉన్న తేడా ఇది. ఉమ్మడి కాపురంలో పొయ్యి ఒకటే, గాదె ఒకటే. కావలసింది చేయి చాచి తీసుకోవచ్చు. నిప్పు అంటుకుంటే మాత్రం ఒక గదితో ఆగదు. వేరు కాపురాలలో చింతపండు కావాలన్నా మనిషిని పంపి అడిగించుకోవాలి, ఆ వెళ్లిన మనిషి వచ్చేదాకా ఆగాలి, ఒక్కోసారి అతను వేరే సరుకు పట్టుకుని వస్తాడు కూడా.

నేను మొదట ఉమ్మడి కాపురమే పెట్టాను, వేగం చూసుకుని. ఫంక్షన్ పిలుపుకు మైక్రోసెకను అటూ ఇటూ పడుతుంది. ప్రొటోకాల్ దారిలో, సాకెట్ మీద ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి రావడానికి అదే యంత్రంలోనైనా పదుల మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లెక్కలో పొరపాటు లేదు. కానీ నేను చెరువును కొలుస్తున్నది 30 సెకన్లకు ఒకసారి. ముప్పై సెకన్లు ఖాళీగా కూర్చునే ప్రోగ్రాముకు మైక్రోసెకన్లు మిగిల్చి పెట్టాలని చూడటంలో అర్థం లేదని ఆనాడు నాకు తట్టలేదు.

చెరువులో ఆక్సిజన్ పగలు పెరిగి రాత్రి తగ్గుతుంది. ఎండ ఉన్నంతసేపు నీటిలోని సూక్ష్మమైన నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. చీకటి పడిన తరువాత ఆ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మేతను తినే బ్యాక్టీరియా, అన్నీ దాన్ని వాడుకునేవే తప్ప ఇచ్చేవి కావు. అందువల్ల తెల్లవారుజామున అది అన్నిటికన్నా కిందికి దిగుతుంది, ముసురు పట్టిన రోజుల తరువాత మరీ దిగుతుంది. నేను వాడిన సెన్సర్ లైబ్రరీలో దీనికి తగిన సదుపాయం ఉంది: మనం ఒక హద్దు చెప్పి, ఒక ఫంక్షన్ ఇచ్చి ఉంచితే, ఆక్సిజన్ ఆ హద్దుకు దిగువకు పోయినప్పుడు లైబ్రరీయే ఆ ఫంక్షన్‌ను పిలుస్తుంది. నేను లీటరుకు 4 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టి, ఫోనుకు హెచ్చరిక పంపే పైథాన్ ఫంక్షన్‌ను దానికి ఇచ్చాను.

పైథాన్ ఫంక్షన్‌ను సి పిలవగలిగేలా సీటైప్స్ దానికి ఒక తొడుగు తయారు చేస్తుంది. ఆ తొడుగు పైథాన్ సొత్తు. పైథాన్ వైపు దాన్ని ఎవరూ పట్టుకుని ఉండకపోతే, ఇక అది ఎవరికీ అక్కరలేదని నిర్ణయించుకుని పైథాన్ దాని మెమరీని విడుదల చేస్తుంది. సి వైపు అదే చిరునామాను రాసిపెట్టుకుని ఉందన్న సంగతి పైథాన్‌కు తెలిసే మార్గమే లేదు. సీటైప్స్ పత్రాలలో ఈ హెచ్చరిక స్పష్టంగానే ఉంది, నేను చదివాను కూడా. పరీక్ష కోసం రాసిన చిన్న ప్రోగ్రాములో ఆ తొడుగు ఫైలు పైస్థాయిలో ఒక పేరుకు కట్టుబడి ఉండటం వల్ల, సెన్సర్‌ను బకెట్ నీళ్లలో పెట్టి పట్టపగలు చూసినప్పుడు అంతా చక్కగా పనిచేసింది. అసలు ప్రోగ్రాములో దాన్ని ఒక ఫంక్షన్ లోపల తయారుచేసి లైబ్రరీకి అప్పగించాను. ఆ ఫంక్షన్ ముగియగానే తొడుగు కూడా పోయింది. అయినా ప్రోగ్రాము పదకొండు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది, ఎందుకంటే ఆ పదకొండు రోజులూ ఆక్సిజన్ హద్దు దాటి దిగలేదు.

పన్నెండో రాత్రి మూడు గంటల ప్రాంతంలో దిగింది. హెచ్చరించడానికే పుట్టిన ప్రోగ్రాము, హెచ్చరించవలసిన క్షణం వచ్చినప్పుడు, ఎప్పుడో విడుదలైపోయిన చిరునామాకు దూకి, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అన్న ఒక్క ముక్క రాసి చనిపోయింది. ఒకే ప్రాసెస్ కావటం వల్ల కొలిచే భాగం, లెక్కకట్టే భాగం, ఫోనుకు అంకెలు అందించే భాగం అన్నీ దానితోనే పోయాయి. ఫోనులోని తెర మాత్రం చివరిగా అందిన అంకెను అలాగే చూపిస్తూ ఉంది. బావగారు అలవాటు కొద్దీ నాలుగు గంటలకు లేచి, టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి వెళ్లి, అక్కడి నుంచి ఫోను చేశారు.

“ఏరా, నీ పెట్టె 4.1 అంటోంది, ఇక్కడ రొయ్య చూస్తే పైకి తేలిపోతోంది. ఏది నమ్మమంటావు?”

“రొయ్యనే నమ్మండి బావగారూ. ముందు ఏరేటర్లన్నీ వేసెయ్యండి,” అన్నాను. ఏరేటర్లంటే నీళ్లు చిమ్మి చెరువులోకి గాలి కలిపే యంత్రాలు.

ఆ చెరువులో కొంత రొయ్య పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారేదాకా నేను ఆ 4.1 గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

తొడుగును పట్టుకుని ఉంచడానికి ఒక్క వరుస చాలు. అది మర్నాడే రాశాను. కానీ ఆ వరుసతో సమస్య తీరిందని నన్ను నేను ఒప్పించుకోలేకపోయాను. ఇంటర్‌ఫేస్ దారిలో రెండు భాషలూ ఒకదాని నియమాలను ఒకటి పూర్తిగా నమ్మి బతకాలి. మెమరీని ఎవరు కేటాయించారు, ఎవరు విడుదల చేయాలి, ఏ చిరునామా ఎంతకాలం చెల్లుతుంది అన్న ఒప్పందాలు కోడ్‌లో ఎక్కడా కనిపించవు, తప్పితే పట్టించే వ్యవస్థ ఉండదు. సీటైప్స్‌నే చూడండి. సి ఫంక్షన్ ఏమి తిరిగి ఇస్తుందో మనం చెప్పకపోతే అది మామూలు పూర్ణాంకమని సీటైప్స్ అనుకుంటుంది. నిజానికి ఆ ఫంక్షన్ ఇచ్చేది 64 బిట్ల చిరునామా అయితే పై సగం తెగిపోతుంది. 32 బిట్ల యంత్రం మీద ఏళ్ల తరబడి నడిచిన కోడ్, రాస్ప్‌బెర్రీ పై 64 బిట్ల వ్యవస్థ 2022లో అధికారికంగా వచ్చిన తరువాత దాని మీదికి మార్చగానే కూలిపోవడానికి ఇది ఒక్కటే చాలు. సి భాషలో లాంగ్ అన్న రకం 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు. ఒకే ఇంటెల్ ప్రాసెసర్ మీద లినక్స్‌లో ఫంక్షన్‌కు ఇచ్చే మొదటి ఆరు పూర్ణాంకాలు ప్రాసెసర్ లోపలి అరలైన రిజిస్టర్లలో వెళ్తే, విండోస్‌లో నాలుగే వెళ్తాయి. మనం రాసే వరుస ఒకటే, దాని కింద ఒప్పందాలు మాత్రం చోటును బట్టి మారిపోతాయి.

అందుకని వేగాన్ని పక్కన పెట్టి, రెండు ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇది చనిపోతే దానితో పాటు అది కూడా చనిపోవాలా? ఇది మారితే అదే రోజున అది కూడా మారాలా? రెండింటికీ అవునన్న జవాబు వచ్చినచోట ఉమ్మడిగా ఉంచవచ్చు. ఏ ఒక్కదానికి కాదన్నా అక్కడ గట్టు వేయాలి. సెన్సర్ లైబ్రరీలో గండి పడితే హెచ్చరించే భాగం కొట్టుకుపోకూడదు. అసలు హెచ్చరిక అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది అప్పుడే. కాబట్టి సెన్సర్‌ను చదివే సి కోడ్‌ను విడి ప్రోగ్రాముగా చేశాను. అది కొలిచిన ప్రతిసారీ ఒక వరుస రాస్తుంది, పైథాన్ ప్రోగ్రాము ఆ వరుసను పైపు ద్వారా, అంటే ఒక ప్రోగ్రాము రాసినదాన్ని మరో ప్రోగ్రాముకు చేర్చే దారి ద్వారా, చదువుకుంటుంది. 1973లో యూనిక్స్‌లోకి పైపులు వచ్చినప్పటి నుంచి భాషలను కలపడానికి ఉన్న అతి సులువైన ప్రొటోకాల్ ఇదే, ఇవాళ్టికీ నేను ముందుగా చేయి చాచేది దీని కోసమే.

ఇందులో నాకు నచ్చిన గుణం ఒకటి ఉంది. అవతలి ప్రోగ్రాము చనిపోతే పైపు మూసుకుపోతుంది, చదువుతున్న ప్రోగ్రాముకు ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. ఉమ్మడి ప్రాసెస్‌లో చావు కబురు చెప్పడానికి ఎవరూ మిగలరు, ఇక్కడ ఆ కబురు కూడా ఒక సందేశంగానే చేరుతుంది.

వేరు కాపురం పెట్టిన మొదటి రోజే కొత్త తంటా వచ్చింది. సి ప్రోగ్రామును నేరుగా తెర మీద నడిపితే 30 సెకన్లకు ఒక వరుస వస్తోంది. పైథాన్‌కు పైపుతో కలిపితే ఒక్కటీ రావడం లేదు. గంట దాటిన తరువాత ఒకేసారి వంద పైచిలుకు వరుసలు వచ్చిపడ్డాయి. కారణం తెలిసిన తరువాత లెక్క అచ్చంగా సరిపోయింది. సి భాష లైబ్రరీ, తెర మీదికి రాసేటప్పుడు వరుస ముగియగానే పంపుతుంది. పైపులోకి రాసేటప్పుడు మాత్రం తన దగ్గర ఒక సంచి నిండేదాకా దాచి ఉంచుతుంది, లినక్స్‌లో ఆ సంచి 4096 బైట్లు. నా వరుస ఒక్కొక్కటి 32 బైట్లు. 128 వరుసలకు గానీ సంచి నిండదు. 30 సెకన్లకు ఒకటి చొప్పున 128 వరుసలంటే 64 నిమిషాలు. ప్రతి వరుస తరువాత సంచిని ఖాళీ చేయమని చెప్పడంతో ఇది తీరింది.

తీరింది గానీ, 4.1 గురించి నాకు అప్పుడే అర్థమైంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడు వచ్చే జవాబు ఇప్పటిదే. సందేశం అలా కాదు. అది ఎప్పుడు రాసినదో, దారిలో ఎంతసేపు ఆగిందో అందుకున్నవాడికి తెలియదు. అందుకే పెద్దవాళ్లు ఉత్తరం మొదలుపెట్టగానే పైన ఊరూ తేదీ వేసేవారు. నా వరుసలో చెరువు అంకె, ఆక్సిజన్ విలువ మాత్రమే ఉండేవి. ఇప్పుడు కొలిచిన సమయం, కొలత ప్రమాణం, ఒక వరుస సంఖ్య కూడా ఉంటాయి. ఫోను తెర మీద అంకె పక్కన అది ఎన్ని సెకన్ల కిందటిదో కనిపిస్తుంది, 90 సెకన్లు దాటితే అంకె చెరిగిపోయి కొలత అందడం లేదన్న మాట వస్తుంది. పైపు మూతపడటం మీద మాత్రమే ఆధారపడితే చాలదు, ఎందుకంటే ప్రోగ్రాము చావకుండా బిగుసుకుపోయే సందర్భాలు ఉంటాయి. అప్పుడు పైపు తెరిచే ఉంటుంది, మాట మాత్రం రాదు.

ప్రొటోకాల్ పెట్టుకున్నంత మాత్రాన అర్థం కూడా కుదిరినట్టు కాదని సెన్సర్ నాకు నేర్పింది. సెన్సర్‌కూ బోర్డుకూ మధ్య నడిచేది మోడ్‌బస్, 1979లో మోడికాన్ కంపెనీ ప్రచురించిన ప్రొటోకాల్. అందులో సమాచారం 16 బిట్ల రిజిస్టర్లుగా వెళ్తుంది, ప్రతి రిజిస్టర్‌లో పెద్ద బైటు ముందు ఉండాలని నియమం ఉంది. దశాంశ సంఖ్యకు 32 బిట్లు కావాలి గనుక దాన్ని రెండు రిజిస్టర్లలో పెడతారు. ఆ రెండింటిలో ఏది ముందో చెప్పే నియమం మాత్రం లేదు, తయారుచేసేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా పెడతారు. ఆక్సిజన్ 5.2 ఉన్నప్పుడు ఆ రెండు రిజిస్టర్లు 16550, 26214. వరుస తారుమారు చేసి చదివితే 27 పక్కన 22 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది. ఇది ఎవరికైనా తప్పని తెలిసిపోతుంది. 6.5 సంగతి వేరు. దాని రిజిస్టర్లు 16592, 0. తారుమారైతే దశాంశ బిందువు తరువాత 40 సున్నాలు దాటితే గానీ అంకె మొదలుకాని సంఖ్య అవుతుంది, తెర మీద రెండు స్థానాల వరకు చూపితే 0.00 అని కనిపిస్తుంది. నిక్షేపంలా ఉన్న చెరువులో ఆక్సిజన్ పూర్తిగా పోయిందని చూపడమన్నమాట. బైట్లు చెక్కుచెదరకుండా చేరాయి, తప్పులు పట్టే లెక్క కూడా సరిపోయింది, చదివిన తీరు మాత్రం తప్పు.

గోదావరి వరద రోజుల్లో ధవళేశ్వరం నుంచి వచ్చే హెచ్చరికలు నాకు ఈ విషయంలో మేలైన ఉదాహరణగా కనిపిస్తాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాలలో ఉన్నవారికి ఆ మట్టాన్ని ఎవరు, ఏ పరికరంతో కొలిచారో తెలియదు, తెలియనక్కరలేదు. రెండో హెచ్చరిక అన్న మాట చెవిన పడితే గొడ్లను ఎప్పుడు గట్టెక్కించాలో, పడవ ఎక్కడ కట్టుకోవాలో వాళ్లకు తెలుసు. ఆ మాట వెనుక అంకె ఉంది, ప్రమాణం ఉంది, కొలిచే చోటు ఉంది, చేయవలసిన పని ఉంది. నా వరుసలలో ఆ నాలుగూ ఉండేలా చూసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

పేర్ల దగ్గర మరో పాఠం. బావగారి చెరువులకు అంకెలు నేను పెట్టినవి. ఆయన నోట అవి తూర్పుగట్టు చెరువు, రావిచెట్టు చెరువు. తెర మీద కూడా ఆ పేర్లే ఉండాలన్నారు, న్యాయమే. ఉమ్మడి కాపురం నాటి సి స్ట్రక్ట్‌లో, అంటే విలువలను పక్కపక్కనే పేర్చి ఉంచే అమరికలో, పేరుకు 32 బైట్లు కేటాయించి ఉన్నాను, చివరి గుర్తు పోను 31. తూర్పుగట్టు చెరువు అన్న పేరులో చదివేవారి లెక్కన ఏడు అక్షరాలే ఉన్నాయి. గుణింతాలను, పొల్లులను విడదీసి యూనికోడ్ లెక్కన చూస్తే 17 సంకేతాలు, మధ్యలో ఒక ఖాళీ. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి మొత్తం 52 బైట్లు. 31 దగ్గర కోస్తే తూర్పుగట్ట వరకు 30 బైట్లు పోయి, ఆ చివరి కొమ్ముకు చెందిన మూడు బైట్లలో ఒక్కటి మిగిలింది. ఆ తెగిన బైటును చూసి పైథాన్ ఇది అక్షరం కాదని చదవడమే మానేసింది. సందేశంలో అయితే ముందు పొడవు రాసి తరువాత పేరు రాస్తాము, ఎంత పొడవైనా పడుతుంది. అయితే ఆ పొడవు బైట్లదా, సంకేతాలదా అన్నది తేల్చి రాసుకోవాలి. కోడ్ రాసుకునే ఎడిటర్లనూ భాషలనూ కలపడానికి మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: సందేశం పొడవును బైట్లలో చెప్తారు, వరుసలో స్థానాన్ని మాత్రం మామూలుగా యూటీఎఫ్-16 ప్రమాణంలో లెక్కిస్తారు. మన భాషలో కామెంట్లు రాసే ప్రోగ్రామరు ఈ రెండింటినీ కలగలిపిన పనిముట్టు చేతికి వస్తే కర్సర్ తప్పు చోట మినుకుమనడం చూస్తాడు. అయినా ఆ ప్రొటోకాల్ చేసిన మేలు పెద్దది. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడివిడిగా ముడి వేయవలసిన చోట, ఎవరి వైపు వారు ఒక్కసారి రాసుకుంటే సరిపోతోంది.

మార్పు గురించిన రెండో ప్రశ్న కిందటి సంవత్సరం ఎదురైంది. ఉప్పుటేరు వైపు రెండు చెరువులలో ఉప్పదనం కూడా కొలవాలన్నారు బావగారు. ఆరు బోర్డులలో రెండింటికే కొత్త సెన్సర్ వచ్చింది, మిగిలిన నాలుగూ పాత ప్రోగ్రాముతోనే నడుస్తున్నాయి. స్ట్రక్ట్ మధ్యలో ఒక సభ్యుడిని చేరిస్తే దాని తరువాతివన్నీ జరిగిపోతాయి. రెండు వైపులా ఒకే రోజున తిరిగి కంపైల్ చేయాలి, చేయకపోతే ఎవరూ ఏమీ అనరు, విలువలు మాత్రం పక్కింట్లోకి వెళ్లి కూర్చుంటాయి. పేరు, విలువ జంటలుగా వరుస రాసుకున్నందువల్ల నాకు ఆ బెడద లేదు: తెలియని పేరు వస్తే పాత పాఠకుడు దాటేస్తాడు, రావలసిన పేరు రాకపోతే కొత్త పాఠకుడు లేదనుకుంటాడు. గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రొటోకాల్ బఫర్స్‌లో పేర్ల బదులు అంకెలు ఉంటాయి, ఒకసారి ఒక అంశానికి ఇచ్చిన అంకెను దాన్ని తీసేసిన తరువాత కూడా మరో దానికి ఇవ్వకూడదన్నది అక్కడి గట్టి నియమం. నా పనికి అంత అవసరం రాలేదు. ఫోనుకు సందేశాలు వెళ్లేది జేసన్ అన్న రాత రూపంలో. అందులోనూ ఒక దెబ్బ తిన్నాను: ప్రతి బోర్డులో ఉన్న సిమ్ కార్డు సంఖ్య 19 అంకెలది, దాన్ని సంఖ్యగా పంపితే జావాస్క్రిప్ట్ చివరి అంకెలను మార్చేసింది. రెండును 53 సార్లు హెచ్చించగా వచ్చే 9007199254740992 దాటిన తరువాత అక్కడ ప్రతి పూర్ణాంకానికీ చోటు లేదు. లెక్క చేయని అంకెలను అక్షరాలుగానే పంపాలి.

ఇంతా చెప్పి అన్నింటినీ వేరు చేశానని అనుకుంటే పొరపాటు. ఫోర్ట్రాన్ లెక్కను పైథాన్ ప్రాసెస్ లోపలే ఉంచాను. దానికి వేడి, ఉప్పదనం, గాలి పీడనం ఇస్తే ఒక సంఖ్య ఇస్తుంది. 30 డిగ్రీల మంచినీటికి సుమారు 7.5 మిల్లీగ్రాములు. అది దేనినీ దాచుకోదు, దేనినీ తిరిగి పిలవదు, ఎవరి మెమరీనీ తన దగ్గర పెట్టుకోదు. ఇలాంటి ఫంక్షన్‌కు ఉమ్మడి కాపురం వల్ల వచ్చే ప్రమాదం దాదాపు లేదు. ఫోర్ట్రాన్ మామూలుగా విలువను కాక దాని చిరునామాను అడుగుతుంది గనుక, ఫోర్ట్రాన్ 2003లో వచ్చిన సి అనుసంధానాన్ని వాడి విలువలే తీసుకొమ్మని రాశాను. పట్టికలు ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. సి అడ్డవరుసల క్రమంలో పేర్చిన దాన్ని ఫోర్ట్రాన్ నిలువు వరుసల క్రమంలో చదువుతుంది, ఆరు చెరువుల 24 గంటల పట్టిక కలగాపులగమై కూడా ఒక జవాబు ఇస్తుంది.

మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రే ఫోటోల నుంచి రొయ్యలను లెక్కపెట్టే పనికీ ఇంటర్‌ఫేస్ దారే సరైనది. 12 మెగాపిక్సెల్ ఫోటో విప్పితే 36 మెగాబైట్లు. దాన్ని సందేశంగా కట్టి, పంపి, విప్పడం కన్నా ఉన్నచోటి చిరునామా చెప్పడం మంచిది. డేటాబేస్‌లలోనూ ఈ రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎస్‌క్యూలైట్ ఒక లైబ్రరీ, మన ప్రాసెస్‌లోనే ఉంటుంది. చెరువు గట్టు మీది బోర్డులో, చదివేదీ రాసేదీ ఒకే ప్రోగ్రాము అయినచోట, నేను దాన్నే పెట్టాను. భీమవరంలో అన్ని బోర్డుల కొలతలూ చేరే చోట, విడి ప్రోగ్రాముగా నడిచే పోస్ట్‌గ్రెస్ ఉంది. 2003 నాటి 7.4 వెర్షన్‌తో వచ్చిన దాని మూడో ప్రొటోకాల్‌తో ఏ భాష వాడైనా ఈనాటికీ మాట్లాడవచ్చు.

చివరికి మిగిలింది ఏరేటర్లు. ఫోను నుంచి వాటిని వేయాలి, ఆపాలి. మొదట బొత్తాం నొక్కితే మార్చు అన్న సందేశం పంపేలా రాశాను. సిగ్నల్ సరిగా లేని రాత్రి అదే సందేశం రెండుసార్లు వెళ్లి, వెలిగిన ఏరేటర్లు ఆగిపోయాయి. ఫంక్షన్‌ను ఒకసారి పిలిస్తే ఒకసారే నడుస్తుంది. సందేశం పోవచ్చు, రెండుసార్లు రావచ్చు. ఇప్పుడు వెళ్లే సందేశం, తూర్పుగట్టు చెరువు ఏరేటర్లు నడుస్తూ ఉండాలి అని చెప్తుంది. పదిసార్లు వెళ్లినా ఫలితం ఒకటే.

ఆక్సిజన్ 4కు దిగితే ఫోనుతో, పైథాన్‌తో నిమిత్తం లేకుండా ఏరేటర్లు వేసే నిర్ణయం మాత్రం సెన్సర్‌ను చదివే సి ప్రోగ్రాము లోపలే, నేరుగా ఫంక్షన్ పిలుపుగానే ఉంది. కొలత తెలిసినదీ మోటారును తాకేదీ ఒకటే కావాలని, మధ్యలో ఏ సందేశం మీదా ఆధారపడకూడదని అలా ఉంచాను. మరి ఆ ప్రోగ్రామే చనిపోతే? దానికి జవాబు తీగల దగ్గర దొరికింది. రిలే అనే విద్యుత్ స్విచ్‌కు పట్టు ఉన్నంతసేపే ఏరేటర్లు ఆగి ఉంటాయి, పట్టు వదిలితే నడుస్తాయి. పట్టు ఉండాలంటే ప్రోగ్రాము సెకనుకు ఒక పల్సు పంపుతూ ఉండాలి. ఆ పల్సుకు చెప్పవలసిన మాట ఒక్కటే, నేను బతికే ఉన్నానని.

మొన్న ముసురు పట్టిన రాత్రి బావగారూ నేనూ గట్టు మీద కూర్చుని దాన్ని పరీక్షించాం. ల్యాప్‌టాప్‌లో సి ప్రోగ్రామును చంపేశాను. తెర మీద అంకె ఇంకా 5.8 అనే ఉంది, పక్కన సెకన్లు మాత్రం పెరుగుతున్నాయి. మూడు సెకన్లకు మోటార్లను వేసే స్విచ్, కాంటాక్టర్, టక్కుమంది, తూర్పుగట్టు చెరువులో నాలుగు ఏరేటర్లూ ఒకదాని వెనుక ఒకటి నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాయి. బావగారు టార్చి వేసి నీళ్లవంక చూసి, “మిగతా అయిదింటికీ కూడా ఇలాగే వేయించెయ్,” అన్నారు.